కవరులో పదివేలు, తాళంచెవి తెనాలిలో

ఉద్యోగ విరమణ రోజున మా పాఠశాలవాళ్లు శాలువా కప్పారు, సన్మాన పత్రం చదివారు, చివర ఒక కవరు చేతిలో పెట్టారు. లోపల పదివేల రూపాయల గిఫ్ట్ కార్డు. “వస్తువు తెస్తే మీకు నచ్చుతుందో లేదో మాస్టారూ! ఏది కావాలో మీరే కొనుక్కోండి” అన్నారు సైన్సు టీచరు గారు. ఒక్కొక్కరినీ అడిగి డబ్బు పోగుచేసింది ఆవిడే. అటెండరు, మధ్యాహ్న భోజనం వండే ఇద్దరమ్మలు కూడా తమ వంతు వేశారని నాకు తర్వాత తెలిసింది. ఆ కార్డులో ఒక్క రూపాయి కూడా వృథా కాకూడదని అప్పుడే అనుకున్నాను. దాన్ని దుకాణంలో మొదట బయటికి తీసిన రోజు నుంచి నిజంగా వాడుకునే రోజు వరకు ఎనిమిది రోజులు పట్టింది. ఇలాంటి కార్డు చేతికి వచ్చినవాళ్ల కోసం, అంతకంటే ఎక్కువగా ఇలాంటి కార్డు ఎవరికైనా ఇవ్వబోయేవాళ్ల కోసం ఆ సంగతి రాస్తున్నాను.

ఏమి కొనాలో మా ఇంట్లో చర్చే జరగలేదు. వెట్ గ్రైండర్ సంక్రాంతి ముందు ఆగిపోయింది. మిక్సీలో రుబ్బితే పిండి వేడెక్కి ఇడ్లీ గట్టిపడుతోందని మా ఆవిడ అప్పటి నుంచి నానబెట్టిన పప్పు గిన్నెలో పెట్టుకుని వాళ్ల అక్కయ్య ఇంటికి వెళ్లి రుబ్బుకుని వస్తోంది. మేము ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. ఇక్కడ వీధులకు పేర్ల బదులు అంకెలే. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటే ఇల్లు దొరికిపోతుంది. లెక్కల మాస్టారికి తగిన పేట అని మా మామగారు మురిసిపోయేవారు. ఆదివారం సాయంత్రం ఇద్దరమూ అరండల్‌పేట దాకా నడిచి వెళ్లి, ఒక గృహోపకరణాల దుకాణంలో రెండు లీటర్ల గ్రైండర్ ఎంచుకున్నాం. ధర 6,450 రూపాయలు.

బిల్లింగ్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కార్డును యంత్రంలో దూర్చి, “పిన్ కొట్టండి బాబాయిగారూ” అంది. నా దగ్గర పిన్ లేదు. కవరులో ఎక్కడా నాలుగంకెలు రాసిలేవు. యంత్రానికి కార్డును తాకిస్తే సరిపోతుందేమో అన్నాను. పిన్ లేకుండా తాకించి చెల్లించేది ఐదు వేల వరకేనని, మన బిల్లు అది దాటిందని ఓపికగా చెప్పింది. అయినా నా తృప్తి కోసం చిన్న మొత్తంతో ఒకసారి తాకించి చూసింది. యంత్రం అదీ తిరస్కరించింది.

“ఇది ఇంకా యాక్టివేట్ కాలేదండీ. కవరు దాచారా, పారేశారా?”

సన్మాన పత్రంతో పాటు బీరువాలో ఉందన్నాను. “అయితే ఫరవాలేదు. చాలామంది కవరు పారేసి కార్డు మాత్రం తెస్తారు” అంటూ గ్రైండర్‌ను మా పేరు రాసి పక్కన పెట్టించింది. వెనక నలుగురు నిలబడి ఉన్నా ఆ పిల్ల మాటలో విసుగు లేదు. ఆమె మేలు ఇక్కడ చెప్పుకోవాలి.

మర్నాడు రాత్రి భోజనాలయ్యాక కవరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అందులో ఒక మడత కాగితం ఉంది. బియ్యపు గింజంత అక్షరాలు, మొత్తం ఇంగ్లీషు. కార్డు జారీ చేసిన సంస్థ వెబ్‌సైటు తెరవాలి, కార్డు మీది పదహారు అంకెలూ గడువు తేదీ ఇవ్వాలి, కవరు మీద ఉన్న కిట్ నంబరు ఇవ్వాలి, ఓటీపీ వస్తే కొట్టాలి, అప్పుడు మనకు నచ్చిన పిన్ పెట్టుకోవాలి. విషయం ఇంతే. దీన్ని అరపేజీ తెలుగులో రాయలేరా? తెలుగువాళ్లు తెలుగువాడికి గుంటూరులో ఇచ్చిన కానుక ఇది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. మా పాఠశాలలో అన్నం వండే అమ్మలకు ఎవరైనా ఇదే కార్డు ఇచ్చి ఉంటే వాళ్లు ఎవరిని అడగాలి? అడిగినవాడు మంచివాడు కాకపోతే?

డబ్బు నింపిన కార్డును ఇలా కట్టేసి ఇవ్వడం ఎందుకనే కోపం మాత్రం నాకు రాలేదు. కార్డు చేతులు మారుతూ వస్తుంది. కొరియరు సంచిలోనో, ఆఫీసు బల్ల మీదో, పెళ్లి పందిట్లో చదివింపుల పళ్లెంలోనో ఉంటుంది. దారిలో ఎవరు తీసుకున్నా వాళ్ల చేతిలో అది ఉత్త ప్లాస్టిక్ ముక్కగానే ఉండాలి. ఆ ఏర్పాటు మన మేలుకే. తెరిచే దారి మనకు తెలిసేలా చెప్పకపోవడమే తప్పు.

అంకెలు కొట్టాను. నంబరు చెల్లదంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే మాట. పాత కార్డుల మీద అంకెలు ఉబ్బెత్తుగా, వేలితో తడిమితే తెలిసేలా ఉండేవి. దీని మీద మెరిసే బూడిదరంగు నేల మీద వెండిరంగు అంకెలు. ట్యూబులైటు కింద ఏ అంకె ఏదో సరిగా కనిపించదు. అయితే నంబరు తప్పని ఆ పేజీ క్షణంలో చెప్పేసిందంటే, అది ఎవరి ఖాతానూ వెతకలేదని నాకు అర్థమైంది. లెక్క వేసి చెప్పింది. ఆ లెక్క నాకు తెలుసు. తొమ్మిదో తరగతి పిల్లలకు భాజనీయతా సూత్రాలు చెప్పేటప్పుడు ఆటగా నేర్పేవాణ్ణి.

ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్‌కు 1960లో పేటెంటు వచ్చిన పద్ధతి అది. కార్డు నంబరులో చివరి అంకె మిగతా అంకెలకు కాపలా. దాన్ని వదిలి, దాని ఎడమ పక్క అంకెతో మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేసుకుంటూ పోవాలి. రెట్టింపు చేసినది తొమ్మిది దాటితే అందులోంచి తొమ్మిది తీసేయాలి. ఇప్పుడు అన్నిటినీ, విడిచిన అంకెలనూ చివరి అంకెనూ కూడా, కలిపితే ఆ మొత్తం పదితో నిశ్శేషంగా భాగించబడాలి. ఒక్క అంకె తప్పు పడినా ఈ లెక్క తప్పకుండా పట్టేస్తుంది. కాగితం తీసుకుని వేశాను. 61 వచ్చింది. ఒకటి ఎక్కువ. రెట్టింపు చేసే చోట ఒక 8 ఉంది. ఎనిమిది రెట్టింపు పదహారు, తొమ్మిది తీసేస్తే ఏడు. అది 8 కాకుండా 3 అయితే? రెట్టింపు ఆరు. ఒకటి తగ్గి సరిగ్గా 60. కార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వీధి దీపం వెలుగుకు ఏటవాలుగా పట్టి చూశాను. మూడే. ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద రాసిన లెక్క నా సొంత అవసరానికి అలా అక్కరకు రావడం నాకు చాలా సంతోషమనిపించింది. మా ఆవిణ్ణి పిలిచి మరీ చూపించాను.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఓటీపీ పంపామంది పేజీ. నా ఫోనుకు రాలేదు. మళ్లీ పంపమన్నాను. రాలేదు. మూడోసారి కూడా రాకపోయేసరికి ఇక ఈ రోజుకు ప్రయత్నాలు అయిపోయాయని చెప్పి పేజీ మూసుకుపోయింది. మూసుకుపోయే ముందు మాత్రమే, సన్నని అక్షరాల్లో, నమోదైన మొబైల్ నంబరు చివరి రెండంకెలు కనిపించాయి. అవి నా ఫోనువి కావు.

ఇక్కడ నేను చేసిన ఒక పని, చేయబోయి మానిన ఒక పని చెప్పాలి. మర్నాడు ఉదయం ఫోనులో ఆ కార్డు పేరు కొట్టి కస్టమర్ కేర్ నంబరు వెతికాను. మొదట కనిపించిన నంబరుకు చేశాను. ఎత్తినతను చక్కని తెలుగులో, “చెప్పండి సార్” అన్నాడు. ఒక నిమిషంలోనే పదహారు అంకెలూ, వెనక ఉన్న మూడంకెల సీవీవీ చెప్పమన్నాడు. తర్వాత ఏదో యాప్ పెట్టుకుంటే నా ఫోను తెర తనకు కనిపిస్తుందని, పిన్ తానే పెట్టి ఇస్తానని అన్నాడు. నా తెర అతనికెందుకు కనిపించాలి? ఏమీ చెప్పకుండా ఫోను పెట్టేశాను. కార్డు వెనకవైపు చూస్తే అక్కడ ముద్రించిన నంబరు వేరు. కార్డు వెనకనే నంబరు ఉండగా బయట వెతకడం నా పొరపాటు. ఒకవేళ అంకెలు చెప్పేసి ఉంటే అదే క్షణంలో సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయవలసి వచ్చేది.

కార్డు వెనక నంబరుకు చేస్తే భాష ఎంచుకోమంది. తెలుగు లేదు. చాలాసేపు సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది. కిట్ నంబరు మాత్రమే అడిగి, కొనుగోలుదారు కోరిక మీద నిన్న రాత్రి ఈ కార్డును తాత్కాలికంగా ఆపేశామని చెప్పింది.

ఎవరు కొనుగోలుదారు? సైన్సు టీచరు గారే. వెంటనే ఫోను చేశాను. ఆవిడ హైదరాబాదులో, దగ్గరి బంధువుల పెళ్లిలో ఉన్నారు. “మాస్టారూ, రాత్రి నాకు వరసగా మూడు ఓటీపీలు వచ్చాయి. నేనేమీ కొట్టలేదు. ఎవరో దొంగలు మీ కార్డు మీద పడ్డారని భయమేసి, అప్పటికప్పుడు ఫోను చేసి ఆపించేశాను. పొద్దున్నే మీకు చెబుదామనుకున్నాను” అన్నారు. ఆ దొంగను నేనేనని చెబితే ఆవిడ ఎంత నొచ్చుకున్నారో! నొచ్చుకోవలసిన పనే లేదు. అడగని ఓటీపీ వస్తే చేయవలసింది సరిగ్గా అదే. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పాఠశాలలో ప్రార్థన సమయంలో పిల్లలకు చెబుతూ వచ్చింది కూడా ఆవిడే. ఫోనులోనే నాకు అంకెలు చదివి వినిపిస్తే పని అయిపోతుంది కదా అని నేనూ అడగలేదు, వినిపిస్తానని ఆవిడా అనలేదు. ఆదివారం ఆవిడ తెనాలి తిరిగి వస్తారు, అప్పుడు పక్కపక్కన కూర్చుని చేద్దామనుకున్నాం.

అసలు మెలిక ఇక్కడే ఉంది. కార్డు నా చేతిలో ఉంది, వివరాలన్నీ ఆవిడవి. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం గిఫ్ట్ కార్డు కొన్నవారి కేవైసీ వివరాలు జారీ చేసిన సంస్థ దగ్గర ఉండాలి. ఆ ఆదేశాల్లోనే మరికొన్ని ఉన్నాయి. ఒక కార్డులో పదివేలకు మించి నింపకూడదు. మా వాళ్లు సరిగ్గా పదివేలే వేయడానికి కారణం అదే. అయిపోయాక మళ్లీ నింపడానికి వీల్లేదు. దాన్ని నగదుగా తీసుకోవడం గాని, మరో ఖాతాకు పంపడం గాని కుదరదు. కనీసం ఏడాది గడువు ఉండాలి, గడువు ముగిసే ముందు 45 రోజుల్లో సంస్థ హెచ్చరిక పంపాలి. ఆ హెచ్చరిక ఏ ఫోనుకు వస్తుంది? నమోదైన ఫోనుకే కదా. నంబరు మార్చుకోకుండా బీరువాలో పెట్టుకున్న కార్డు గడువు సంగతి దాన్ని ఇచ్చినవాళ్లకు తెలుస్తుంది గాని పుచ్చుకున్నవాళ్లకు తెలియదు. ఇచ్చినవాళ్లు ఆ సందేశం చూసి, “అది ఎప్పుడో ఇచ్చేశాం కదా” అనుకుంటారు. కానుక ఇచ్చేటప్పుడు ధర చీటీ చించేసి ఇచ్చే మర్యాద మనది. ఈ కానుకకు మాత్రం ఇచ్చినవారి పేరూ ఫోనూ అంటుకునే ఉంటాయి. దాన్ని విడదీసి పూర్తిగా అవతలివాళ్లది చేసే వరకు ఇవ్వడం పూర్తి కానట్టే.

ఆదివారం ఉదయం ప్యాసింజరు ఎక్కాను. వేజెండ్ల, సంగం జాగర్లమూడి దాటి తెనాలి చేరేసరికి టీచరు గారు ఉప్మా చేసి ఉంచారు. తిన్నాక బల్ల మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఆవిడ తన నంబరు నుంచి కస్టమర్ కేర్‌కు చేశారు. అటువైపు అబ్బాయి ఆవిడ పుట్టిన తేదీ, కొన్న తేదీ, కార్డులో వేసిన మొత్తం అడిగి నిర్ధారించుకుని ఆపుదల తీసేశాడు. సీవీవీ గాని, ఓటీపీ గాని నోటితో చెప్పమని అడగలేదు. మొన్నటి మనిషికీ ఇతనికీ తేడా అక్కడే తెలిసిపోయింది. తర్వాత వెబ్‌సైటులో నంబరు మార్చే పేజీకి వెళ్లమన్నాడు. మొదటి ఓటీపీ ఆవిడ ఫోనుకు వచ్చింది, ఆవిడే కొట్టారు. కొత్త నంబరుగా నాది ఇస్తే రెండో ఓటీపీ నా ఫోనుకు వచ్చింది, నేను కొట్టాను. ఆ తర్వాత పిన్ పెట్టుకోమంది. టీచరు గారు తనంతట తానే లేచి కాఫీ కలపడానికి వెళ్లారు. పుట్టిన సంవత్సరం, ఇంటి నంబరు కాకుండా నాకు మాత్రమే గుర్తుండే నాలుగంకెలు పెట్టాను.

ఇంకొక మీట కూడా కనిపించింది, ఆన్‌లైన్ కొనుగోళ్లకు. అది మూసి ఉంది. బ్యాంకు కార్డులను మొదట దేశంలోని ఏటీఎంలలో, స్వైపింగ్ యంత్రాల దగ్గర మాత్రమే పనిచేసేలా ఇవ్వాలని, ఆన్‌లైన్ వాడకం కావాలంటే కార్డుదారే తెరుచుకోవాలని 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. గిఫ్ట్ కార్డులకు ఆ నియమం తప్పనిసరి కాదు. ఈ సంస్థ అయినా పాటించింది, అది మంచి పనే. నేను దుకాణంలోనే కొంటాను కాబట్టి ఆ మీటను అలాగే వదిలేశాను. ఇంటర్నెట్‌లో కొనుక్కునేవాళ్లు మాత్రం యాక్టివేట్ చేసిన రోజునే ఇది చూసుకోవాలి. పిన్ పెట్టాక కూడా ఆన్‌లైన్‌లో కార్డు చెల్లకపోతే మొదట వెతకవలసిన చోటు ఇదే.

పనిచేయడానికి 24 గంటలు పట్టవచ్చని సందేశం వచ్చింది. సోమవారం సాయంత్రం మళ్లీ అరండల్‌పేట. అదే అమ్మాయి, అదే కౌంటర్. పిన్ కొట్టాను. యంత్రం చీటీ కక్కింది. నా ఫోను మోగింది: 6,450 ఖర్చు, నిల్వ 3,550. మా ఆవిడ ఆ సందేశం తన చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివింది. ఏం జరిగిందని కౌంటర్ అమ్మాయి అడిగితే జరిగిందంతా చెప్పాను. “మా దగ్గరికి ఇలాంటి కార్డులతో చాలామంది వస్తారు బాబాయిగారూ. ఎలా చేయాలో అందరికీ చెప్పడానికి నాకు వీలు పడదు. మీరు మాస్టారు కదా, తెలుగులో రాసిపెట్టరా?” అంది. బిల్లు పుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చించి ఇచ్చింది. అక్కడే నిలబడి, పెద్ద అక్షరాలతో, ఆరు వాక్యాల్లో రాశాను. మొదటి వాక్యం: కార్డు మీకు ఇచ్చినవారిని ముందు కలవండి, వారి ఫోనుకే మొదటి ఓటీపీ వస్తుంది.

మిగిలిన 3,550 రూపాయలు ఎలా ఖర్చు చేయాలో నాకు స్పష్టంగానే ఉంది. ఈసారి పదో తరగతికి వచ్చిన పిల్లలకు జామెట్రీ బాక్సులు, గ్రాఫు పుస్తకాలు. గురువారం బ్రాడీపేటలో స్టేషనరీ దుకాణానికి వెళ్లాను. బిల్లు 3,780 అయింది. కార్డు ఇచ్చాను, పిన్ కొట్టాను, యంత్రం తిరస్కరించింది. గుండె ఒక్కసారి ఆగినట్టయింది. మళ్లీ ఎక్కడ ఏ తాళం పడిందో అనుకున్నాను. ఫోను తీసి చూస్తే నిల్వ అలాగే ఉంది. నిల్వ కంటే బిల్లు ఎక్కువైతే, ఉన్నంత వరకు తీసుకుని మిగతాది అడగడం ఆ యంత్రం చేయలేదు, మొత్తం చెల్లింపునే కాదంటుంది. దుకాణదారు యంత్రంలో 3,550 మాత్రమే కొట్టాడు. అయిపోయింది. మిగతా 230 నగదు ఇచ్చాను. నిల్వ సున్నా అని సందేశం వచ్చింది.

తిరిగి వస్తూ గ్రైండర్ వారంటీ కార్డు మీద ముద్ర వేయించడానికి అరండల్‌పేట దుకాణంలోకి వెళ్లాను. నేను రాసిన కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేసి స్వైపింగ్ యంత్రం పక్కన అంటించారు. నా ఆరు వాక్యాల కింద, గుండ్రని అక్షరాలతో ఏడోది ఆ అమ్మాయి రాసింది: “కార్డులో ఎంత ఉందో బిల్లు వేయకముందే చెప్పండి, ఎక్కువైనది నగదు ఇవ్వవచ్చు.”